సున్నం అడిగిన టాక్సీ అతను

ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజులవి. మద్దిలపాలెం బస్టాపులో నా పక్కన ఒకతను ఒళ్లో లోతైన ఇనప మూకుడు పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏటి బాబూ, ఇంత మందం మూకుడు ఏ పెళ్లికి?" అన్నాను.

"మూకుడు కాదమ్మా, నా పాత టాక్సీకి ఆయిలు చాంబరు. ఇంజను కింద ఉంటాది. గాజువాక రాళ్లకి పాతది సితికిపోనాది. దీన్ని మందం రేకుతో, లోతుగా సేయించినాను. ఇది కారిందంటే ఇంజను పట్టేత్తాది, నా బతుకు రోడ్డున పడతాది," అని ఆకువక్క వేసుకుందామని నేను తీసిన సున్నపుకాయ వైపు చూశాడు. "కాసింత సున్నం ఇత్తారా?"

"ఎక్కువ తియ్యకు," అని ఇచ్చాను.

వెల్డింగు అతుకు వెంట బయటివైపు సున్నం పూసి, అది ఆరాక తన సంచిలోని సీసా తీసి లోపల కిరసనాయిలు పోశాడు. కన్నముంటే సున్నం తడుస్తుందట. వచ్చిన బస్సు వదిలేసి నేనూ వంగి చూశాను. కాసేపటికి ఒక మూల ఆవగింజంత మచ్చ తేలింది.

"అయ్యో, కారతంది బాబూ!"

అతను నవ్వాడు. "ఇక్కడే కారింది గదమ్మా, నయం! ఘాట్ రోడ్డులో కారితే ఏటి సేద్దును?"

కిరసనాయిలు చుక్క పోకుండా సీసాలోకి వంపుకుని, వెల్డింగు షాపు వైపు వెనక్కి నడిచాడు. తప్పు దొరికినందుకు అంత హుషారుగా నడిచే మనిషిని నేను మళ్లీ చూడలేదు.