బ్లర్గ్ అనాల్సి వచ్చిన కార్డులమ్మ

మా గ్రంథాలయంలో లైబ్రేరియన్‌ను అందరూ కార్డులమ్మ అనేవారు. ముప్పైయేళ్లపాటు ప్రతి పుస్తకానికీ ఒక కార్డు రాసి, చెక్క సొరుగుల్లో వరసగా అమర్చిన మనిషి. ఆవిడ తుమ్మినా పక్క కుర్చీకి తెలిసేది కాదు.

సొరుగులకు చెదపట్టాక, రెండేళ్లు కూర్చుని ఆ కార్డులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించింది. ఆ సాఫ్ట్‌వేర్ పేరు బ్లర్గ్. కడుపులో తిప్పినవాడు వాష్‌బేసిన్ దాకా వెళ్లలేక చేసే చప్పుడులా ఉండేది.

"ఇదేం పేరమ్మా, నలుగురిలో అనే మాటేనా? మార్చేద్దాం," అన్నారు పై అధికారి.

"పెట్టినవాళ్లుండగా మనమెలా మారుస్తాం సార్? కాస్త సాగదీసి పలుకుదాం. బలరాగ్. పెద్దింటి పిల్లాడి పేరులా ఉంటుంది," అన్నాడు గుమస్తా.

అధికారికి నచ్చింది. ఇకపై మాటలోనూ రాతలోనూ బలరాగ్ అనే ఉండాలని సర్క్యులర్ తీశారు. కార్డులమ్మ సర్క్యులర్ దాటే మనిషి కాదు. ఆ సాఫ్ట్‌వేర్ అమ్మిన కంపెనీకి ఏటా పంపాల్సిన కొనసాగింపు ఉత్తరంలోనూ అదే రాసింది.

'ఆ పేరుతో మా దగ్గర ఏదీ లేదు' అని జవాబొచ్చింది. అధికారి సంతకంతో మళ్లీ రాసింది. మళ్లీ అదే జవాబు. చివరికొకనాడు తెరమీద ఎర్రక్షరాలు కనపడ్డాయి: సాయంత్రం ఐదులోపు కొనసాగించకపోతే పుస్తకాల పట్టిక మొత్తం చెరిగిపోతుంది. పాత కార్డులు అప్పటికే చిత్తుకాగితాల కింద పోయాయి.

నాలుగున్నరకు కంపెనీకి ఫోన్ చేసింది. హాల్లో పాతికమందిమి చదువుకుంటున్నాం.

"బలరాగండీ... అదే, మీదే... పోనీ మీరు పెట్టిన పేరేదో మీరే చెప్పండి... నేనే చెప్పాలా? రూలా?"

కళ్లజోడు తీసి బల్లమీద పెట్టింది.

"బ్లర్గ్," అంది. అవతల వినపడలేదు కాబోలు, లేచి నిలబడింది. "బ్లర్గ్. బ్లర్గండీ, బ్లర్గ్."

పేపరు చదువుకుంటున్న పెద్దాయన మంచినీళ్ల సీసా తెచ్చి పక్కన పెట్టాడు.

అధికారి గదిలోంచి బయటికొచ్చారు. "సర్క్యులర్ ఉంది కదమ్మా."

"ఉందండి. పుస్తకాలు పోతున్నాయండి," అని, మళ్లీ ఫోన్‌లో బ్లర్గ్ అంది.

ఐదుకు పదినిమిషాలుందనగా ఎర్రక్షరాలు పోయాయి. నేను బల్ల దగ్గరికెళ్లి, "అన్నీ ఉన్నాయా అండీ?" అని అడిగాను.

పట్టిక అంతా కిందిదాకా చూసుకుంది.

"ఉన్నాయండి. మీరు తిరిగివ్వాల్సిన రెండూ కూడా ఉన్నాయి."