రెక్కకు అవతలి వైపు

బాబాయ్ పోయారన్న కబురు నాకు మా ఆసుపత్రి ఐసీయూ నుంచే వచ్చింది. పిల్లల వార్డులో మధ్యాహ్నం మందుల ట్రే సర్దుకుంటున్నాను. అక్కడి నర్సు ఫోన్ చేసి, "అక్కా, మీ బాబాయ్..." అని ఆగిపోయింది. ఆ ఆగడానికి అర్థమేమిటో మాకు ఒకరు చెప్పనక్కర్లేదు, రోజూ మేమే ఎవరో ఒకరి దగ్గర అలా ఆగుతాం. మిగిలిన మందులు ఇచ్చేసి, చార్టులో సంతకం పెట్టి, అప్పుడు వెళ్ళాను. వెళ్ళి చేసేది మాత్రం ఏముంది?

ఆయన నాకు చుట్టం కాదు. ఆయనది కడప, మాది పాలకొల్లు పక్క. ఆయన ఐదు పూటలా నమాజు చేసే మనిషి, నేను పొద్దున్నే బైబిలు తెరిచేదాన్ని. మేమిద్దరం పనికొచ్చిన ఈ అరబ్బు దేశంలో, అల్ ఖోబర్‌లో, అల్ అజీజియా వైపు ఒక పాత విల్లాలో కింది వాటా ఆయనది, పై వాటా మాది. పిన్ని కడపలోనే ఉండేది. ఖఫ్జీలో, జుబైల్‌లో ముప్పై ఏళ్ళు ఫిట్టరుగా చేసి, ఇక్కడికొచ్చి ఒక్కరే ఉండేవారు.

మా పరిచయం తగువుతోనే మొదలైంది. వారమంతా డ్యూటీలు చేసి శుక్రవారం కాసేపు పడుకుందామంటే కింద నుంచి వార్నిషు కంపు. నాలుగు మాటలు అడిగేద్దామని దిగి వెళ్ళాను. పెరట్లోని రేకుల షెడ్డులో విమానం ఉంది! పాతకాలపు రకం, ఒకదాని మీద ఒకటి రెండు వరసల రెక్కలది, ఇంకా గుడ్డ తొడగక ఎముకలు కనబడుతూ. నేను నోరు తెరిచేలోపు, పక్కన విడిగా గుడ్డ తొడిగి నిలబెట్టిన రెక్క వెనక నుంచి ఒక గొంతు, "ఎవురు పాపా అది? ఆ సూది రవ్వంత ఇట్ల తొయ్యి" అంది. చూస్తే గుడ్డలోంచి మూరెడు సూది పొడుచుకొచ్చి ఉంది. తోశాను. అంతే, తగువు మరిచిపోయాను.

ఆ పని తీరే అంత. చెక్క రెక్కకు రెండు వైపులా గుడ్డ తొడిగి, ఇస్త్రీ పెట్టెతో బిగుతు చేసి, లోపలున్న ప్రతి పక్కటెముక చుట్టూ మైనం దారంతో కుట్టాలి. రెక్కను నిలబెట్టి ఇటొకరు, అటొకరు కూర్చోవాలి. ముడి ఆయన వైపు. సూది తిప్పి పంపడం నా వంతు. నేను రాకముందు ఆయన కుట్టుకొకసారి లేచి, రెక్క చుట్టూ తిరిగి వచ్చేవారట. అందుకే మొదటి రెక్కకు చాలా నాళ్ళు పట్టిందట.

నాలుగేళ్ళు, నాకు డ్యూటీ లేని ప్రతి శుక్రవారం అలా కూర్చున్నాం. ఒకరి మొహం ఒకరికి కనబడదు, మాటలూ సూదీ మాత్రం అటూ ఇటూ తిరిగేవి. అలా కనబడకపోవడం వల్లే కాబోలు, మా ఆయనకు కూడా చెప్పని సంగతులు ఆ గుడ్డకు చెప్పాను. అమ్మ పోయినప్పుడు ఊరెళ్ళి రావడానికి కావాల్సిన ఎగ్జిట్ రీఎంట్రీ వీసా చేతికొచ్చేసరికి ఊళ్ళో అంతా అయిపోయిందని చెబుతూ ఏడ్చాను. అవతలి నుంచి సూది రావడం ఆగింది. నా ఏడుపు ఆగాక మెల్లగా సూది మొన బయటికొచ్చింది. నన్ను అంత బాగా ఓదార్చినవాళ్ళు మళ్ళీ లేరు.

ఆ విమానం నక్షాలు ఖఫ్జీలో ఒక ముసలి ఇంజనీరు దేశం వదిలి వెళ్తూ ఆయనకు ఇచ్చినవి. ఇంజను లేదు. ఎగరేయడానికి పర్మిషన్ ఎవరూ ఇవ్వరు. ఆ సంగతి నాకంటే ఆయనకే బాగా తెలుసు. మరెందుకింత చాదస్తమని ఒకసారి విసుక్కున్నాను, ఎందుకంటే వేలు పెడితే ఒక్క దారం కదిలినా ఆ కుట్టు కోసేసి మళ్ళీ వేయించేవారు.

"ఎగరదులే పాపా. ఎగరకపోయినా ఎగిరేదాని మాదిరే చెయ్యాల. వదులు కుట్టు మనకు తెలీకపోయినా గాలికి తెలుస్తాది" అన్నారు.

ఇక ఆ చివరి శుక్రవారం గురించి. నాలుగు రెక్కల్లో మూడు అయిపోయి, నాలుగోది సగం దాటింది. ఫైనల్ ఎగ్జిట్ మీద శాశ్వతంగా ఊరికి వెళ్ళిపోయే లోపు అది పూర్తి చేసి, నాలుగు రెక్కలూ బిగించి, ఒక్కసారి నిండుగా చూసుకోవాలని ఆయన కోరిక. ఆ రోజు సూది ఆలస్యంగా వస్తోంది. దారం కూడా ఎప్పటిలా బిగిసి రావడం లేదు.

"ఏంటి బాబాయ్, నిద్రపోతున్నారా?" అన్నాను.

"చెయ్యి లాగతాంది పాపా. నిన్న నీళ్ళ మోటారు ఎత్తినా గదా, దానికే."

నేను నవ్వాను. నర్సును. ఆ మాట ఇంకెవరి నోట విన్నా ఏ చెయ్యి, ఎప్పటినుంచి, చెమట పడుతోందా అని అడిగేదాన్ని. లేచి నాలుగడుగులు వేసి అటు తొంగి చూసి ఉంటే ఆ మొహమే చెప్పేది. గుడ్డ నా మొహానికి జానెడు దూరంలో ఉంది. నేను సూది తిప్పి పంపాను.

మర్నాడు ఆయన్ని గుండెపోటుతో మా ఆసుపత్రికి తెచ్చారు. నాలుగు రోజులు ట్యూబుల మధ్య ఉన్నారు. డ్యూటీకి ముందూ, తర్వాతా వెళ్ళి నిలబడేదాన్ని. ఆ మెషీన్ల అంకెలన్నీ నాకు చదవడం వచ్చు, అదే నా ఖర్మ.

ఇక్కడే ఖననం చేయమంది పిన్ని. ఇక్కడ ఖననం చేసే చోటికి ఆడవాళ్ళు వెళ్ళరు. మా ఆయన వెళ్ళొచ్చాడు. విల్లా యజమాని మనిషి వచ్చి, శనివారానికల్లా షెడ్డు ఖాళీ కావాలన్నాడు. ఊరికే ఇస్తాను తీసుకోమని రెండు స్కూళ్ళకు ఫోన్ చేశాను, విమానం అనగానే భయపడ్డారు. కడపకు పంపుదామని పిలిస్తే, కార్గో అబ్బాయి టేపుతో కొలిచి, రెక్కలు ముక్కలు చేస్తే పంపుతానన్నాడు. పిన్నికి ఫోన్‌లో చెప్పాను. "కోయొద్దులే పాపా. యాడికి పోతే ఆడికి పోనీ" అంది.

శుక్రవారం ఒక్కదాన్నే షెడ్డుకు వెళ్ళాను. రేపు తుక్కు బండి ఎక్కేదానికి కుట్లెందుకో నన్నడగొద్దు. సూది గుచ్చడం, లేచి రెక్క చుట్టూ తిరిగి అటు వెళ్ళి లాగడం, ముడి వేయడం, మళ్ళీ ఇటు రావడం. అలా నాలుగేళ్ళలో మొదటిసారి ఆయన స్టూలు మీద కూర్చున్నాను. ఆ చివరి రోజు వేసిన ముడులు అక్కడ కనబడ్డాయి. మొదటివి అచ్చు వేసినట్టున్నాయి. ఆ తర్వాత ఏడు కుట్లు వదులు. వేలు పెడితే దారం కదిలిపోతోంది. ఒక్క కుట్టు వదులైతే ఊరుకోని మనిషి ఏడింటిని అలాగే వదిలేసి, ఏమీ లేదన్నట్టు సూది నాకు పంపుతూ కూర్చున్నాడు. ఆయన ఉంటే కోసేయమనేవారు. కత్తెర చేతికి తీసుకున్నాను గానీ కోయలేకపోయాను. మిగిలినవి మాత్రం గట్టిగా బిగించి పూర్తి చేశాను.

శనివారం పికప్ వచ్చింది. అన్నిటికంటే పైన ఆ రెక్కను పడుకోబెట్టి తాళ్ళు కట్టారు. మా సందు చివర బండి మలుపు తిరగగానే సముద్రం వైపు నుంచి గాలి తగిలింది. రెక్క కాస్త పైకి లేచింది, తాళ్ళు పట్టుకున్నాయి. డ్రైవరు ఆపి, దిగి, ఇంకో తాడు వేసి బిగించాడు. నేను మేడ మీది నుంచి చూస్తూనే ఉన్నాను. మిగతా గుడ్డంతా బిర్రుగా ఉంది. ఆ ఏడు కుట్ల దగ్గర మాత్రం లేస్తూ, పడుతూ, మళ్ళీ లేస్తూ ఉంది.