మూడు ఈలల గుంత

నాగరాణికి కోపం వస్తే మాట కన్నా ముందు చెయ్యి లేస్తుంది. మేళ్లచెరువు చుట్టుపక్కల సిమెంటు ఊళ్లలో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. పెళ్లయిన కొత్తలో కోదాడ బస్సులో మీద చెయ్యి వేసినవాడి వేలు విరిచింది. వాడు సిగ్గులేకుండా కట్టు కట్టించుకుని న్యాయం అడగడానికి ఇంటికొస్తే, అత్త సోమమ్మ చీపురు తిరగేసి వాణ్ని రోడ్డు దాకా తరిమింది. ఆ రోజు నుంచి అత్తాకోడళ్లకు ఒకరంటే ఒకరికి ప్రాణం. మధ్యలో మొగుడు కమలాకర్ ఇద్దరి చేతా తిట్లు తింటూ హాయిగా టిప్పర్ నడుపుకునేవాడు.

నాగరాణి తండ్రి గుర్వయ్య సున్నపురాయి క్వారీలో తూటాలు పేల్చేవాడు. రాయికి బొక్కలు వేసి, మందు కూరి, ఒత్తికి నిప్పు పెట్టే ముందు మూడుసార్లు ఈల ఊదేవాడు. గుంతలో ఎవరైనా ఉంటే "ఆగూ" అని కేక వెయ్యాలి. కేక రాకపోతే గుంత ఖాళీ అని లెక్క. ఆయన చేతి కింద ముప్పై ఏళ్లలో ఒక్క మనిషికి గీత పడలేదు. దుమ్ము తిన్న ఊపిరితిత్తులతో ఆయన పోయాడు, రాయి అయిపోయి కంపెనీ పోయింది, గుంతలో ఊట ఊరి నీళ్లు నిండాయి. ఈల కట్టుబాటు మాత్రం పోలేదు. ఇప్పటికీ అక్కడ బావి తవ్వి బండ పేల్చినా మూడు ఈలలు ఊదాల్సిందే. ఊదినవాడికి తప్పు లేదు. జవాబు ఇవ్వనివాడిదే తప్పు.

రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు పనులు లేక మొగుడూ పెళ్లాలిద్దరూ వైజాగ్ వెళ్లారు. అతను లారీ ఎక్కాడు. ఆమె సముద్రం ఒడ్డున ఒక డైవింగ్ షాపులో రబ్బరు సూట్లు ఉతకడానికి కుదిరింది. "జర జరుగు" అని ఆమె అంటే అక్కడివాళ్లు నవ్వేవాళ్లు. ఆమె చేత కావాలని పదిసార్లు అనిపించేవాళ్లు. ఒకనాడు ఆడ కస్టమరుకు తోడు దిగే ఆడమనిషి లేక, ఓనరు ఆమెకే గాలి సిలిండర్ కట్టించాడు. క్వారీ గుంతలో ఈత నేర్చిన పిల్లకు సముద్రం ఒక లెక్కా? మూడేళ్లలో ఇంకొకరికి నేర్పే కార్డు సంపాదించింది. నవ్వినవాళ్లే ఆమె వెనక దిగి పాఠాలు నేర్చుకున్నారు.

అయినా సముద్రం ఆమెకు నచ్చలేదు. ఎప్పుడూ మురికే, అడుగున చెయ్యి చాపితే చెయ్యి కనపడదు. తమ ఊరి గుంత అలా కాదు. అడుగంతా తెల్లరాయి, ఏటి మన్ను చేరదు, మిట్టమధ్యాహ్నం ఎండ నలభై అడుగుల కింద దాకా నిలువుగా దిగుతుంది. కంపెనీవాళ్లు వదిలేసిన పాత టిప్పరొకటి అడుగున నిలబడి ఉంది, దాని క్యాబిన్‌లో చేపలు కాపురం పెట్టాయి. "అందరు సముద్రానికి పోతరు, మనం సముద్రాన్నే ఈడికి తెచ్చుకుందాం" అని మొగుణ్ణి లాక్కొచ్చింది. పంచాయతీ దగ్గర గుంతను కిరాయికి తీసుకుంది. చిట్యాల హైవే మీద ఒక బ్యానర్ కట్టించింది: "నీళ్లల్ల ఊపిరి పీల్చుకుంట నడుస్తరా? మా ఊరికి రండ్రి." చదివినవాళ్లలో సగం మంది పిచ్చిదని అనుకున్నారు. ఒక పెద్దమనిషి ఫోన్ చేసి వంట గ్యాస్ సిలిండర్ ధర అడిగాడు. మిగతావాళ్లలో కొందరు నిజంగానే వచ్చారు.

పెళ్లి కుదిరిన జంటలు ఫొటోల కోసం వచ్చాయి. హైదరాబాద్ కంప్యూటర్ పిల్లలు వచ్చారు. నల్లగొండ నుంచి ఒక తపాలా ఉద్యోగి రిటైరైన మర్నాడే వచ్చి దిగి, పైకొచ్చి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అందరికీ ఆమె చెప్పే మొదటి పాఠం ఒకటే: కింద ఊపిరి బిగబట్టకూడదు, వదులుతూనే ఉండాలి. ఎవరూ రాని రోజు తనే దిగేది. టిప్పర్ స్టీరింగ్ పట్టుకుని కూర్చుంటే కొర్రమట్ట చేపపిల్లలు వేళ్ల మధ్య నుంచి పోయేవి. అంత కోపిష్టి మనిషి ఆ కింద మాత్రం ఒక్కసారైనా కోపం తెచ్చుకోలేదు.

ఆ గుంతకు ఇంకొక హక్కుదారుడు ఉన్నాడు. గాలయ్య. గుర్వయ్య దగ్గర పని నేర్చిన మనిషి, నాగరాణి చిన్నాయిన అని పిలిచే మనిషి. క్వారీ మూతపడ్డాక ఆయన తూటాలతో చేపలు కొట్టడం మొదలుపెట్టాడు. ఒక తూటా వేస్తే నాలుగు గంపల చేప తేలుతుంది. కొత్తగా వచ్చిన ఈ డైవింగ్ ఆయన కడుపు మీద కొట్టింది. మొదట బ్యానర్ చింపించాడు. తర్వాత టెంటు మీద రాళ్లు పడ్డాయి. కమలాకర్ వెళ్లి ఆయన ట్రాలీ ఆటో అద్దాలు పగలగొట్టాడు. గాలయ్య గడ్డపార తీసి కమలాకర్ భుజం మీద వేశాడు. నాగరాణి మునగడానికి నడుముకు కట్టుకునే సీసం బిళ్లల బెల్టు విప్పి గాలయ్య ముఖం మీద తిప్పి కొట్టింది. ముందు పళ్లు రెండు రాలాయి. ఇరవై మంది పట్టి విడదీస్తే గానీ ముగ్గురూ విడివడలేదు.

ఊరి పెద్ద కురుమయ్య ఇద్దరినీ కూర్చోబెట్టి తీర్పు చెప్పాడు. శని ఆదివారాలు గుంత నాగరాణిది. మిగతా రోజులు గాలయ్య తూటా వెయ్యొచ్చు, కానీ మూడు ఈలలు ఊది, కేక రాకపోతేనే వెయ్యాలి. తూటా వెయ్యడమే నేరమని ఎవరికీ గుర్తు రాలేదు. పాత క్వారీవాళ్లంతా తలలు ఊపారు. నాగరాణి కూడా ఊపింది. పుట్టిన నాటి నుంచి విన్న ఈల, తండ్రి ఊదిన ఈల, దాన్ని ఆమె ఎలా అనుమానిస్తుంది?

మంగళవారం పొద్దున అది జరిగింది. శనివారం పెళ్లిజంట వస్తుందని, టిప్పర్ దగ్గర తాడు కొత్తగా కట్టడానికి కమలాకర్ దిగాడు. నాగరాణి ఒడ్డున కంప్రెసర్ మోటరు పెట్టి సిలిండర్లలో గాలి నింపుతోంది. ఆ మోటరు నడుస్తుంటే పక్కన నిలబడి అరిచినా వినపడదు. గాలయ్య అవతలి ఒడ్డుకు వచ్చాడు. మధ్యలో రాళ్లకుప్ప ఉంది కాబట్టి ఆయనకు టెంటు కనపడదు. మోటరు చప్పుడు వినపడినా, ఒడ్డున గాలి నింపుకుంటున్నారనే అనుకున్నాడు. మూడుసార్లు ఈల ఊదాడు. ఆగాడు. కేక రాలేదు. నీళ్ల మధ్యలో బుడగలు గుత్తులుగా లేస్తున్నాయి. బుడగలు లేచిన చోట పెద్ద చేప ఉంటుందని చేపలవాళ్ల లెక్క. అక్కడికే గురిచూసి విసిరాడు.

కాళ్ల కింద నేల ఎగిరింది. నీళ్లు తాటిచెట్టు ఎత్తున లేచి పడ్డాయి. నాగరాణి సిలిండర్ కూడా కట్టుకోకుండా దూకింది. కడుపులు పగిలిన చేపలు తెల్లగా తేలి ముఖానికి తగులుతున్నాయి. అవతలి నుంచి గాలయ్య టైరు ట్యూబు మీద గంప పెట్టుకుని చేపలు ఏరుకుంటూ వస్తున్నాడు. ఆయన చెయ్యే ముందు కమలాకర్ జుట్టుకు తగిలింది. ఆయన పెట్టిన కేక ఇప్పటికీ ఆమె చెవుల్లో ఉంది. ఇద్దరూ కలిసే ఒడ్డుకు ఈడ్చారు. చెవుల నుంచి నెత్తురు, నోటి నుంచి ఎర్రటి నురగ. ఆటోలో కోదాడ దవాఖానకు పోతుంటే దారిలోనే, ఆమె ఒళ్లోనే పోయాడు.

పోలీసులు వచ్చారు. ఊళ్లో గాలయ్య మీద ఒక్క నోరు లేవలేదు. "సీటీ కొట్టిండు గదా, జవాబియ్యంది ఎవలు?" అన్నారు. గాలయ్య పారిపోలేదు. గుండెలు బాదుకుంటూనే అదే మాట అన్నాడు. "మూడుమాట్ల కొట్టిన బిడ్డా. మోటర్ సప్పుడు లేకుంటె కింద వానికి ఇనవడేది. చెయ్యెత్తేటోడు, పైకొచ్చేటోడు. నేను ఆగేటోన్ని."

పాడె లేచే ముందు సోమమ్మ కోడలి మీద పడింది. "నీ మోటరే మింగింది నా కొడుకును! నీ నీళ్ల పిచ్చే మింగింది!" అంటూ రెండు పిడికిళ్లతో గుద్దింది, జుట్టు పట్టి నేలకు కొట్టింది. పెదవి చిట్లి నెత్తురు కారింది. ఎవరి చెయ్యీ తన మీద పడనివ్వని నాగరాణి ఆ దెబ్బలన్నీ తిన్నది. అత్త అన్నది నిజమేనేమో అని ఆమెకూ అనిపించింది. ఆ భయం దెబ్బల కన్నా ఎక్కువ నొప్పి పెట్టింది.

పదకొండో దినం అయ్యాక కురుమయ్య మళ్లీ పిలిపించాడు. "గాలయ్య తోటి ఏం ఇప్పియ్యమంటవో చెప్పు బిడ్డా" అన్నాడు.

"పైసలొద్దు తాతా" అంది నాగరాణి. "చిన్నాయిన నాతోటి కిందికి రావాలె. మోటర్ బంద్ చేపిస్త. మా తమ్ముడు దశరథ్ ఒడ్డు మీద సీటీ కొడ్తడు. ఇనవడితె చిన్నాయిన చెయ్యెత్తాలె. ఎత్తిండా, నా మోటరే నా మొగన్ని సంపింది. నేను ఊరిడిసి పోత, మల్ల కనవడ."

"ఇనవడకుంటె?" అన్నాడు గాలయ్య.

"అది నువ్వే చెప్పాలె."

గాలయ్య ఒప్పుకున్నాడు. నీళ్లలో మునిగినా ఒడ్డు మీది కేక చెవిన పడుతుందని ఆయన గట్టి నమ్మకం. పైపైన మునక వేసే ఈతగాడికి అది కొంత నిజమే. నలభై అడుగుల కింద ఎలా ఉంటుందో నాగరాణికే రుజువు లేదు. కింద తన ఊపిరి చప్పుడే తనకు వినపడుతుంది, కానీ చెవి పెట్టి ఈల కోసం ఎన్నడూ వినలేదు. 

ఊరంతా ఒడ్డు మీద చేరింది. సోమమ్మ అందరికన్నా ముందు, నీటి అంచున కూర్చుంది. నాగరాణి గాలయ్యకు సిలిండర్ కట్టింది. తను కొట్టి రాల్చిన పళ్ల సందులో నుంచి గాలి గొట్టం రబ్బరు జారుతుంటే సరిగ్గా పెట్టి, "ఊపిరి బిగవట్టకు" అని ఒక్క మాట చెప్పింది. నడుం పట్టుకుని మెల్లగా దింపింది. టిప్పర్ పక్కన, కమలాకర్ తాడు కట్టిన చోటే ఇద్దరూ మోకాళ్ల మీద నిలిచారు. పది నిమిషాల లోపు ఈలలు అయిపోవాలని దశరథ్‌తో ఒప్పందం. ఆమె చేతి గడియారం వంక చూస్తోంది. ఆయన ఆమె వంక చూస్తున్నాడు. తమ ఊపిరి గురగుర తప్ప ఏమీ లేదు. పది నిమిషాలు గడిచాయి. గాలయ్య చెయ్యి లేవలేదు.

వినపడదు. ఏమీ వినపడదు. ఆ సంగతి తెలిసిన క్షణాన, ఇన్నేళ్లు ఆ నీళ్లలో రాని కోపం ఆమెకు వచ్చింది. చెయ్యి గాలయ్య మెడ వెనక్కి పోయి సిలిండర్ మీద తిరిగే బిరడాను పట్టుకుంది. తిప్పింది. పూర్తిగా తిప్పింది. గాలయ్య ఒకసారి పీల్చాడు, రెండోసారి పీల్చడానికి గాలి లేదు. కళ్లు గాజు వెనక ఉబ్బాయి. ఆమె భుజాలు, మెడ, జుట్టు, ఏది దొరికితే అది పట్టి రక్కాడు. ఆమె కదలకుండా చూసింది. వీడు ఇక్కడ చస్తే ఎవరు అడుగుతారు? నీళ్లు మింగాడంటారు. కానీ చచ్చినవాడు చెప్పడు. చెప్పాల్సినవాడు వీడే. ఆ ఆలోచన రాకుంటే ఆమె చెయ్యి వెనక్కి వచ్చేది కాదు, ఆ మాట ఆమె తర్వాత దాచుకోలేదు. బిరడా తిప్పి గాలి వదిలింది. ఆయన దగ్గుతూ పీలుస్తుంటే బెల్టు పట్టుకుని, నియమం ప్రకారం పదిహేను అడుగుల దగ్గర మూడు నిమిషాలు ఆపి, మెల్లగా పైకి తెచ్చింది.

తల నీళ్ల పైకి రాగానే గాలయ్య రబ్బరు ఉమ్మేశాడు. ఆమె మెడ మీద ఆయన గోళ్ల గాట్లు. అవేవీ ఆయనకు పట్టలేదు. ఒడ్డు మీద దశరథ్‌ను చూసి గట్టిగా అరిచాడు.

"సీటీ కొట్టవైతివేందిరా? ఎంతసేపని సూడాలె?"

ఒడ్డు మీది జనం దశరథ్ వంక తిరిగారు. అయిదారు వందల మంది ఉన్నారు. 

"కొట్టిన" అన్నాడు దశరథ్. "మూడుమాట్ల కాదు, తొమ్మిదిమాట్ల కొట్టిన."

"అబద్ధం!"

కురుమయ్య కర్ర ఊతంతో లేచి నిలబడ్డాడు. "మేమందరం ఇన్నంరా గాలిగా. అవతలి ఊరోళ్లు గుడ ఇనే ఉంటరు."

గాలయ్య నడుం లోతు నీళ్లలో అలాగే నిలబడ్డాడు. సిలిండర్ బరువుకు ఒంగిపోయాడు. "ఇనరాదు" అన్నాడు, ఎవరితోనో కాదు. "ఆడ ఏం ఇనరాదు. మరి నేను బుడగలు జూసి ఏసిన. ఆ బుడగలు వానియి." తర్వాత ముఖం మీద కొట్టుకుంటూ, "నేనే సంపిన. ఠాణకు తీస్కపోండ్రి" అన్నాడు. ఆయన్ను పట్టుకోవడానికి వచ్చినవాళ్లెవరూ లేరు. తనే నడిచాడు.

నాగరాణి గెలిచానని అనుకోలేదు. మోటరు బంద్ ఉంటే ఒడ్డు మీద తను విని కేక వేసి ఉండేది. ఆ సంగతి ఊరు మరిచినా ఆమె మరవదు. మోకాళ్ల లోతు నీళ్లలో కూలబడి, మొగుడు పోయాక మొదటిసారి గొంతెత్తి ఏడ్చింది. కాసేపటికి పక్కన ఎవరో చీరతోనే నీళ్లలో కూర్చున్నట్టయింది. సోమమ్మ. కోడలి పెదవి మీద తను చేసిన గాయం ఇంకా మానలేదు. ముసలావిడ దాన్ని బొటనవేలితో ఒత్తి చూసింది.

"నన్ను గుడ తీస్కపో" అంది. "వాడు ఆఖరికి ఉన్న జాగ చూస్త."

నాగరాణి ముక్కు తుడుచుకుంది. "ఇయ్యాల గాదత్తా. నీకు ముందుగాల ఊపిరి ఇడువుడు నేర్పాలె."

"నేర్పు" అంది సోమమ్మ. అక్కడే, ఊరందరి ముందే, నోరు తెరిచి మొదటి ఊపిరి వదిలింది.