లుసైల్ క్లినిక్‌లో దూది పరీక్ష

నా వీపు మీద, కుడి రెక్క ఎముకకూ వెన్నెముకకూ మధ్య, చెయ్యి అందీ అందని చోట ఆరు నెలలుగా ఒక దురద కాపురం పెట్టింది. మాది రాజోలు దగ్గర పల్లె. దోహాలో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్‌ని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కంప్యూటర్ ముందు మెడ వంచుకుని ప్లాన్లు గీయడమే డ్యూటీ. ఆఫీసులో స్కేలుతో గోక్కునేవాణ్ణి. ఇంట్లో, గేదె గుంజకు ఒళ్ళు రాసుకున్నట్టు, తలుపు అంచుకు రాసుకునేవాణ్ణి. ఒకరోజు నా భార్య సునీత ఫోనుతో వీపు ఫొటో తీసి చూపించింది. అరచేయంత నల్లటి మచ్చ. వేలితో నొక్కి చూడమన్నాను. నొక్కానంది. నాకు సరిగ్గా తెలియలేదు. చిన్నప్పుడు మా ఊరి ఆసుపత్రి గోడ మీద చూసిన బొమ్మ ఒక్కసారిగా గుర్తొచ్చింది. స్పర్శ లేని మచ్చ, కింద కుష్టువ్యాధి అన్న మాట. ఆ రోజు నుంచి నాకు కుదురు లేదు. పై నెలలో రెసిడెన్సీ రెన్యువల్ ఉంది. ఇది బయటపడితే ఉద్యోగం, సునీత టీచరు పని, పిల్ల స్కూలు, అన్నీ సర్దుకుని వెళ్ళిపోవాలేమో అన్న భయం. సునీతకు దురద సంగతే చెప్పాను, భయం సంగతి చెప్పలేదు.

చర్మానికీ కండరాలకూ ఒకే చోట చూసే క్లినిక్ దోహా పక్కన లుసైల్‌లో ఉందని ఆఫీసులో ఎవరో చెప్పారు. శనివారం పది గంటలకు అపాయింట్‌మెంట్ దొరికింది. మేముండే ఐన్ ఖాలిద్ నుంచి సెలవు రోజున నలభై నిమిషాలు, పనిరోజు ఉదయమైతే గంట దాటుతుంది. ఎనిమిదిన్నరకు బయలుదేరదామని ఏడింటికే తయారవుతుంటే సునీత ఆపింది.

"ఏంటండీ, ఆ వీపుతో అలాగే వెళ్ళిపోతారా? ఆ గీరిన చారలు చూస్తే డాక్టరుగారు ఏమనుకుంటారు, స్నానం కూడా చెయ్యడనుకోరూ?" అంటూ అత్తగారు పంపిన సున్నిపిండి డబ్బా తీసింది. కొబ్బరినూనె పట్టించి నలుగు పెట్టి తోమింది. మంటకు గంతులేశాను. పైన అర డబ్బా పౌడరు చల్లింది. నిజం చెప్పాలంటే నాకూ అదే నయమనిపించింది. మచ్చ కాస్త తెల్లగా కనిపిస్తే డాక్టరు పెద్దగా పట్టించుకోడని లోపల్లోపల చిన్న ఆశ.

కారు మల్లేశ్‌ది. జగిత్యాల వైపు మనిషి, బర్వా అల్ బరాహాలో కార్మికుల క్యాంపు గదిలో ఉంటాడు, సెలవు రోజుల్లో తెలిసినవాళ్ళను తిప్పుతాడు. రానూపోనూ, మధ్యలో ఆగడంతో కలిపి నూట ఇరవై రియాల్స్ అన్నాడు. ఆ ఎండలోనూ మణికట్టు దాకా గుండీలు పెట్టుకున్న పొడుగు చేతుల చొక్కాతోనే వచ్చాడు. ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కామో లేదో నేను సీటుకు వీపు రుద్దడం మొదలుపెట్టాను.

"ఏందన్నా, ఒక్కకాడ ఉంటలేవు? సీటు మంచిగ లేదా?" అన్నాడు అద్దంలో చూస్తూ.

ఇంట్లో చెప్పలేనిది ముక్కూ మొహం అంతగా తెలియని అతనికి చెప్పేశాను. మల్లేశ్ గొంతు తగ్గించాడు. "అన్నా, జర పైలం. మా క్యాంపుల ఒకాయనకు మెడికల్ల ఏదో అచ్చిందని ఇంటికి తోలిండ్రంట. ఏమచ్చిందో ఎవ్వలికి తెల్వదు. నౌకరి మాఫీ, ఫులూస్ మాఫీ, పనీ లేదు, పైసల్లేవు. డాక్టరు ఏమడిగినా మంచిగనే ఉన్నదను. తక్కువ చెప్తె తక్కువ లొల్లి."

తొమ్మిదింబావుకే చేరిపోయాం. ఖతర్ ఐడీ, ఇన్సూరెన్స్ కార్డు చూపిస్తే రెండు పేజీల ఫారం ఇచ్చారు. ఏ మందులు వాడుతున్నారు, ఏ క్రీములు రాస్తున్నారు, ఎక్కడ తిమ్మిరి ఉంది. తిమ్మిరి దగ్గర లేదు అని టిక్కు పెట్టాను. నీళ్ళ యంత్రం దగ్గరికి నాలుగుసార్లు వెళ్ళొచ్చాను. పది గంటలకు పిలిచారు. చొక్కా తీసి బోర్లా పడుకోమన్నారు, నడుము దాకా దుప్పటి కప్పారు, తెర వేశారు. సిగ్గుపడేవాళ్ళకు చెబుతున్నా, మగవాళ్ళకు మగవాళ్ళే వస్తారు, చూడబోయే చోటు తప్ప మిగతాదంతా కప్పే ఉంచుతారు.

డాక్టర్ సూడాన్ ఆయన, నెరిసిన గడ్డం, నెమ్మది మనిషి. భూతద్దం పెట్టి చూసి, ఇంగ్లీషులో అడిగాడు. "ఇదేమిటి, ఏం రాశారు?"

"పౌడరండీ. శుభ్రంగా ఉంటుందని."

"మచ్చ అసలు రంగు కనబడటం లేదు. తోమినందువల్ల ఎర్రబడింది. పైపొర గీకి పరీక్షకు పంపుదామంటే అంతా నూనె, పౌడరు. మీ దేశం నుంచి వచ్చేవాళ్ళు నా దగ్గరికి పెళ్ళికి వచ్చినట్టు తయారై వస్తారు" అన్నాడు, కోపం లేకుండానే. నర్సు పావుగంట తుడిచాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

తర్వాత దూది తీశాడు. "కళ్ళు మూసుకోండి. తగిలినప్పుడల్లా ఊఁ అనండి" అన్నాడు.

మల్లేశ్ మాట చెవిలోనే ఉంది. మొదటి రెండు నిజంగానే తెలిశాయి. ఆ తర్వాత తెలిసీ తెలియనట్టుగా ఉంది. ఆగితే దొరికిపోతానని ఊఁ అన్నాను. మళ్ళీ ఊఁ. మళ్ళీ ఊఁ.

"చివరి మూడుసార్లు దూది నా చేతిలోనే ఉంది" అన్నాడు డాక్టర్.

పరీక్షలో కాపీ కొడుతూ దొరికిన పిల్లాడిలా దిండులో మొహం దాచుకున్నాను. ఆయన కుర్చీ లాక్కుని నా తల దగ్గర కూర్చున్నాడు. "దేనికి భయపడుతున్నారు?" అని అడిగాడు. చెప్పేశాను. గోడ మీది బొమ్మ, రెన్యువల్, పిల్ల స్కూలు, అన్నీ. చెబుతుంటే ఏడుపొచ్చింది, నలభై నాలుగేళ్ళవాణ్ణి.

పరీక్ష మొదటి నుంచి మళ్ళీ చేశాడు. ఈసారి తెలిస్తేనే ఊఁ అన్నాను. వేడి నీళ్ళ గొట్టం, చల్లటి నీళ్ళ గొట్టం ఆనించి చూశాడు. మోచేతుల దగ్గర నరాలు తడిమాడు. "స్పర్శ మందగించింది, పోలేదు. మీరు భయపడిన జబ్బు కాదు. అదే అయినా మందులతో నయమవుతుంది, తొందరగా వస్తే చాలు. ఏళ్ళ తరబడి వంగి కూర్చుంటే వెన్ను దగ్గర నరం నలిగి ఇలా దురద పెడుతుంది. మీరు గోకి గోకి నల్లగా చేసుకున్నారు" అన్నాడు. ప్రాణం లేచొచ్చింది. ఆయన చెయ్యి పట్టుకుని వదల్లేదు.

పక్క గదిలో కేరళ థెరపిస్టు నలభై నిమిషాలు చేతులతో పనిచేశాడు. స్పాలో చేసే మాలిష్ అనుకుని వెళ్ళకండి, వెన్ను పక్కన ఒక్కో కండరాన్నీ వెతికి నొక్కుతుంటే చుక్కలు కనిపిస్తాయి. ఎలా ఉందని అడుగుతూనే ఉంటాడు, నొప్పిగా ఉంటే ఆపుతాడు. సున్నిపిండి పుణ్యమా అని చర్మం రేగి ఉంది కాబట్టి వేడి కాపడం ఆ రోజు కుదరదన్నాడు. మెడ వ్యాయామాలు మూడు నేర్పాడు. డాక్టరుకూ థెరపీకీ కలిపి నాలుగు వందల యాభై రియాల్స్ దాకా అయింది, సగానికి పైగా ఇన్సూరెన్స్ కట్టింది. పై శనివారం ఏమీ రాయకుండా వస్తే మిగిలిన చర్మ పరీక్ష చేస్తామన్నారు.

పన్నెండున్నరకు కారెక్కి, దొంగ ఊఁల సంగతితో సహా మల్లేశ్‌కు అంతా చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. కారు స్టార్ట్ చేయకుండా స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

"అన్నా, గా దూది పరీక్షకు ఎంతసేపు పడ్తది?" అని, ఎడమచేతి మణికట్టు దగ్గర గుండీ తీశాడు. చొక్కా పైకి మడిచాడు. మోచేతి కింద రూపాయి బిళ్ళంత మచ్చ, చుట్టూ ఉన్న చర్మం కన్నా తెల్లగా. "రెండేండ్లయితుంది. ఇంట్ల సుత చెప్పలే."

ఇద్దరం మళ్ళీ లోపలికి వెళ్ళాం. ఆ రోజు ఖాళీ లేదు, పై శనివారం నా తర్వాతి టైము మల్లేశ్‌కు ఇచ్చారు.

ఆరు నెలలు దురదతో వేగాననుకున్నాను గానీ, నన్ను కుదురుగా ఉండనివ్వనిది దురద కాదు, దాచుకున్న భయం. దాన్ని ఇంట్లో మనిషికి కూడా చెప్పకుండా ఒక్కణ్ణే మోశాను. ఆ రాత్రి సునీతకు అంతా చెప్పాను. ముందు తిట్టింది, తర్వాత వీపు మీద చెయ్యి వేసి చాలాసేపు తియ్యలేదు. మీరెవరైనా ఇలాంటి అపాయింట్‌మెంట్‌కు వెళ్తుంటే నూనె, నలుగు, పౌడరు ఏమీ వద్దు, ఉన్న ఒంటితో వెళ్ళండి. మీకు చెప్పాల్సిన రెండో మాట, నేను మల్లేశ్‌కు చెప్పిందే. మొన్న శనివారం నా వంతు అయిపోయి బయట కుర్చీలో కూర్చున్నాను. ఈసారి మల్లేశే నీళ్ళ యంత్రం దగ్గరికి తిరుగుతున్నాడు. పేరు పిలిచారు. లేచి చొక్కా చెయ్యి మడుచుకుంటుంటే చెప్పాను. "తమ్ముడూ, తగలకపోతే తగల్లేదనే చెప్పు. నేనిక్కడే ఉంటాను."