కుక్కకు వేసిన కార్జం

మా ఊళ్ళో ఆదివారం పొద్దున పొట్టేలును కోస్తే పోగులు వేసేది మా నాయన. పుత్తూరుకు నాలుగైదు మైళ్ళ దూరంలో ఉన్న చిన్న ఊరు మాది. పది పన్నెండు ఇళ్ళవాళ్ళు కలిసి ఒక పొట్టేలును తెచ్చుకునేవాళ్ళు. కోసేది ఎవరైనా, మాంసాన్ని ఆకుల మీద సమానంగా పోగులు పెట్టేది మాత్రం ఆయనే. ఎవరి పోగులోకి ఎంత కొవ్వు, ఎంత ఎముక, ఎంత కార్జం పోవాలో ఆయన చేతికి తెలుసు. పోగుల దగ్గర తగవు జరిగినట్టు నాకు గుర్తు లేదు. ఆ మంచిపేరంటే ఆయనకు చాలా ఇష్టం.

కొన్ని పొట్టేళ్ళ కార్జంలో, అంటే కాలేయంలో, నీళ్ళ బుడ్డలు కనిపించేవి. గోలీ అంత ఒకటి, నిమ్మకాయంత ఒకటి, తెల్లగా, లోపల నీళ్ళతో. ఆ ముక్క ఎవరి పోగులోకీ పోకూడదు. నాయన దాన్ని కత్తితో కోసి, తల కూడా ఎత్తకుండా వెనక్కి విసిరేవాడు. వెనక కూర్చున్న కుక్కలకు ఆ విసురు ఎప్పుడొస్తుందో బాగా తెలుసు. మనుషులు తినరానిది మనుషులకు పెట్టలేదు, కుక్కల కడుపు నిండింది, ఏదీ పాడైపోలేదు. అందరికీ అది సబబుగానే తోచేది. నాకూ తోచింది, అబద్ధమెందుకు.

మా మామిడి తోపుకు కాపలా ఉండే కుక్కకు మాత్రం నాయన ఆ ముక్కల్ని ప్రత్యేకంగా ఇంటికి తెచ్చేవాడు. బుడ్డలున్న కార్జం, ఊపిరితిత్తులు, పేగులు, అన్నీ పచ్చివే. వండిపెడితే కుక్క మెత్తబడిపోతుందని ఆయన నమ్మకం. ఉడికించి వేస్తానని అమ్మ ఒకసారి అంటే, "అడివిలో దానికి ఎవురు వండిపెట్నారు? పచ్చిది తింటేనే కుక్కకు రోసం" అని కొట్టిపారేశాడు. ఇంట్లో పిల్లికీ అదే లెక్క. బ్రాయిలర్ కోడి అంగడి నుంచి తెచ్చిన పచ్చి పేగులు తిని తిని, వారానికోసారి కక్కుకుంటూ, బక్కచిక్కి, ఒక వేసవిలో అది విరేచనాలతో చచ్చిపోయింది. ఎండ దెబ్బ అన్నారు. పేగుల మీద ఎవరికీ అనుమానం రాలేదు.

ఆ రోషం సంగతి కూడా చెప్పాలి. తోపు కాపలాకున్న మా ఎర్ర కుక్కకు అది ఏ కోశానా లేదు. కొత్తవాళ్ళు వస్తే నాలుగుసార్లు మొరిగి, వాళ్ళు అరుగు మీద కూర్చోగానే వాళ్ళ చెప్పుల మీద తల పెట్టుకుని పడుకునేది. అమ్మంటే దానికి ప్రాణం. మధ్యాహ్నం పూట అమ్మ వాకిట్లో కూర్చుని దాని ఒంటి మీద గోమార్లు ఏరేది. అది ఆమె చేతులు మోచేతుల దాకా నాకేది. ఏరడం అయ్యాక అమ్మ చెయ్యి కొంగుకు తుడుచుకుని లేచి, సంగటి ముద్ద చేసుకుని తినేది. అంతకుముందున్న కుక్కలతోనూ ఆమె అంతే.

తొంభైల చివర్లో అమ్మకు కుడి పక్క డొక్కలో బరువు మొదలైంది. నేను అప్పటికి పెళ్ళయి చిత్తూరులో ఉంటూ ఒక బళ్ళో పాఠాలు చెబుతున్నాను. గడ్డిమోపు ఎత్తినప్పుడు డొక్క పట్టేసి ఉంటుందని ఇంట్లో అందరూ అనుకుని పుత్తూరులో కట్టు కట్టించడానికి తీసుకుపోయారు. అక్కడ కట్టు కట్టే పెద్దాయన వేళ్ళతో నెమ్మదిగా నొక్కి చూసి, కట్టు అవసరం లేదన్నాడట. ఎముక బాగానే ఉంది, లోపల ఏదో ఉబ్బింది, ఆలస్యం చేయకుండా తిరుపతికి పొమ్మన్నాడట. ఆయనకు నేను ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను.

తిరుపతి ఆసుపత్రిలో స్కానింగ్ తీశారు. కుర్ర డాక్టరు మాకు అర్థం కావాలని నిదానంగా చెప్పాడు. కార్జంలో నీళ్ళ బుడ్డ ఉంది, కొబ్బరికాయంత పెరిగింది, ఇన్నేళ్ళుగా పెరుగుతూ వచ్చింది, లోపల పగిలితే ప్రాణానికే ముప్పు, ఆపరేషన్ చేసి తీయాలి. తర్వాత ఇంట్లో కుక్క ఉందా, ఊళ్ళో గొర్రెల్ని కోస్తారా అని అడిగాడు. నీళ్ళ బుడ్డ అన్న మాట నేను అంతవరకూ పోగుల దగ్గర తప్ప ఎక్కడా వినలేదు. నాయన వైపు చూశాను. ఆయన ఆ స్కానింగ్ ఫిల్మునే చూస్తున్నాడు.

డాక్టరు మాటల్లో నాయన చెవికెక్కింది ఒక్క కుక్కే. ఆసుపత్రి మెట్లు దిగేలోపే తీర్పు చెప్పేశాడు. ఆదివారం సాయంత్రం మా ఊరి నుంచి తడ వైపు కాయల లారీ పోతుంది. కుక్కను అందులో ఎక్కించి తడ దాటాక దింపేయమని డ్రైవరుకు చెప్తాడట. ఇంట్లో ఉంచితే తానే ఏదో ఒకటి పెట్టి చంపాల్సి వస్తుంది, ఇదే నయం అన్నాడు.

ఆపరేషన్‌కు ముందురోజు అమ్మ నన్ను మంచం దగ్గరికి పిలిచి చెయ్యి పట్టుకుంది. భయపడుతుందేమో, ధైర్యం చెబుదామని నేను మాటలు వెతుక్కుంటున్నాను. "పాపా, నేను లేచొచ్చేసరికి అది వాకిట్లో ఉండాల. మీ నాయన మాట యినొద్దు" అంది. ఉంటుందని మాటిచ్చాను. నాకు చిన్నప్పటి నుంచీ ముక్కు మీద కోపం. దానివల్ల చెడ్డ పనులే ఎక్కువ. ఈసారి దాన్ని ఒక మంచి పనికి వాడుకోవాలని గట్టిగా అనుకున్నాను.

ఆ మధ్యాహ్నమే తిరుపతిలో పశువుల ఆసుపత్రికి పోయాను. అక్కడి డాక్టరమ్మ నా గొడవంతా విని, ఒక చీటీ వెనక గుండ్రంగా గీత గీసి చూపించింది. గొర్రె కార్జంలోని బుడ్డలో కనిపించనంత చిన్న పురుగులుంటాయి. పచ్చిగా తిన్న కుక్క కడుపులో అవి పెద్దవై గుడ్లు పెడతాయి. గుడ్లు కుక్క పెంటలో పడి, గడ్డికి, దాని బొచ్చుకు, మన చేతులకు అంటుకుంటాయి. గడ్డి తిన్న గొర్రెకూ, చెయ్యి కడుక్కోకుండా తిన్న మనిషికీ మళ్ళీ కార్జంలో బుడ్డ. కుక్కకు మాత్రం బయటికి ఏమీ తెలియదు, తిని హాయిగా తిరుగుతుంది. ఇదొక్కటే కాదు, పచ్చి పేగులతో వచ్చే రోగాలు ఇంకా చాలా ఉన్నాయని చెప్పింది. నాకు మా పిల్లి గుర్తొచ్చింది.

కుక్కను పంపించేస్తే పీడ పోతుందా అని అడిగాను.

"దాని తప్పేముందమ్మా, మీరు వేసిందే అది తినింది. ఆ పచ్చి కార్జం వేసినన్నాళ్ళూ ఎన్ని కుక్కల్ని మార్చినా ఇంతే. తడలో వదిలితే తడవాళ్ళకు అంటించినట్టు" అంది.

బళ్ళో మూడు వారాలు సెలవు పెట్టి, డాక్టరమ్మ రాసిచ్చిన పురుగుల మాత్రలు తీసుకుని ఊరికి పోయాను. అమ్మ దగ్గర నాయన, పిన్నమ్మ ఉన్నారు. కుక్కకు మాత్ర మింగించి మూడు రోజులు కట్టేసి, అది పెట్టిన పెంటనంతా పారతో ఎత్తి గుంతలో వేసి కిరసనాయిలు పోసి కాల్చాను. తాకినప్పుడల్లా సబ్బుతో మోచేతుల దాకా కడిగాను. పక్కింటివాళ్ళు గోడ మీద నుంచి చూసి, టీచరమ్మ పిల్లోళ్ళను వదిలేసి కుక్కకు పనికి చేరిందని నవ్వుకున్నారు. నవ్వుకోనీ అనుకున్నాను. తిండి దగ్గర అది కూడా నాతో పంతం పట్టింది. ఉడికించిన మాంసం సంగటిలో కలిపి పెడితే వాసన చూసి మొహం తిప్పుకుంది. ఒక రోజంతా ముట్టలేదు. ఆకలితో అది మూలుగుతుంటే నాకూ ముద్ద దిగలేదు, అయినా పచ్చిది వేయలేదు. మూడో రోజుకు గిన్నె నాకింది.

గురువారం అమ్మకు ఆపరేషన్ అయింది. బుడ్డ పగలకుండా తీశారని కబురొచ్చింది. శనివారం నాయన ఊరికొచ్చాడు. అమ్మకు ఎముకల చారు పట్టుకుపోవాలి, ఆదివారం లారీకి కుక్కను ఎక్కించాలి. ఆయన వచ్చిన పనులు ఈ రెండే. డాక్టరమ్మ గీసిన చీటీ చూపించబోతే, రేపు చూద్దాంలే అని తువ్వాలు భుజాన వేసుకుని తోపుకు పోయాడు.

ఆదివారం పొద్దున నేనూ పోగుల దగ్గరికి పోయాను. ఆడవాళ్ళు అక్కడికి రావడం వాడుక లేదు. నేను ఒక మూత ఉన్న గిన్నె పట్టుకుని నిలబడ్డాను. బుడ్డలు కనిపిస్తే నాకివ్వమని, లోతుగా పాతిపెడతానని ముందే చెప్పాను. ఒకరిద్దరు నవ్వారు. నాయన వినీ విననట్టు కత్తి నూరుకున్నాడు.

కార్జం తీసినప్పుడు రెండు బుడ్డలు కనిపించాయి. నాయన ఆ ముక్కను కోశాడు. కోసి, తల ఎత్తకుండా, ముప్పై ఏళ్ళుగా విసిరినట్టే వెనక్కి విసిరాడు.

గిన్నె అక్కడే పడేసి కుక్కల మధ్యకు పరిగెత్తాను. ఒక నల్ల కుక్క అప్పటికే అందుకుంది. దాని నోట్లోంచి లాక్కున్నాను. అది కరవలేదు, కరిచినా వదిలేదాన్ని కాదు. మట్టి అంటిన ఆ ముక్కను అరచేతిలో పెట్టుకుని నాయన ముందుకు వచ్చి నిలబడ్డాను.

"నాయనా, నువ్వు విసిరింది ఇదే. అమ్మ కడుపులోంచి తీసిందీ ఇదే. సాయంత్రం లారీకి ఎన్ని కుక్కల్ని ఎక్కిస్తావు?"

ఎవరూ నవ్వలేదు. నాయన తన చేతిలోని కత్తి వైపు, నా చేతి వైపు చూశాడు. ఆయన మొహం అంతగా వాడిపోవడం నేను ఎప్పుడూ చూడలేదు. ఆ రోజు మిగిలిన పోగులు వేరే ఆయన వేశాడు. నేను ఆ ముక్కను మోకాటి లోతు గుంతలో పాతి పైన బండ పెట్టాను. సాయంత్రం లారీ వచ్చి మా వాకిట్లో రెండుసార్లు హారన్ కొట్టింది. నాయన బయటికి పోయి, ఏమీ లేదు పొమ్మన్నాడు.

సోమవారం ఇద్దరం చారు క్యారియర్‌తో తిరుపతి బస్సెక్కాం. వార్డులో అమ్మ దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది, మొహం తెల్లగా పాలిపోయి. నాయన క్యారియర్ కింద పెట్టి మంచం కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు.

"ఆ ముక్కలు ఏసింది నేనే గదా" అన్నాడు.

"డాకటరు చెప్పిన రోజే నాకు తెలుసు" అంది అమ్మ. "నీకెప్పుడు తెలస్తాదా అని సూస్తా ఉండా."

అమ్మ నా వైపు కాకుండా ఆయన వైపే చూస్తూ, కుక్క ఉందా అని అడిగింది. ఉందన్నాడు.

"ఏం తినింది?"

"ఉడికిచ్చిందే" అన్నాడు నాయన. "పొద్దున నేనే ఉడికిచ్చి పెట్నా."