మూడు మార్కుల టీచర్

కపితోలినా అర్సేన్యెవ్నా ఇంగ్లీషు చదువుతుంటే మా ఊరి రంపపు మిల్లులో చెక్క పలకలు పడుతున్నట్టుండేది. ఒక్కో మాటా విడిగా, మొద్దుగా, ఒకే ఎత్తులో పడేది. మా చెర్నూఖ బడిలో ఆవిడ గదికీ నా గదికీ మధ్య ఉన్నది పల్చటి చెక్క గోడ. ఇవతల నేను లెక్కలు చెబుతుంటే, అవతల ముప్పై ఎనిమిది గొంతులు కలిసి పాఠంలోని కోల్యా బడికి వెళ్తాడనీ, కోల్యా బడి నుంచి వస్తాడనీ ఇంగ్లీషులో దంచేవి. నాకు ఆ భాష ముక్క రాదు. అయినా అయిదేళ్లలో పాఠాలన్నీ కంఠతా వచ్చేశాయి.

పిల్లలకి ఆవిడంటే ప్రేమా లేదు, భయమూ లేదు. టీచర్ల సమావేశంలో పొయ్యి పక్కన కూర్చునేది. ఫొటో తీస్తే వెనక వరసలో పొడుగాటి మనిషిని వెతుక్కుని ఆ వెనక నిలబడేది. ముప్పై రెండేళ్లకే బూడిదరంగు శాలువా కప్పుకుని ముసలమ్మలా నడిచేది. ఊళ్లో ఎవరూ ఆవిడ గురించి మాట్లాడుకోలేదు. ఆవిడకి కావలసిందీ అదే.

నాకు మాత్రం తెలిసిపోయింది. మేమిద్దరం టీచర్ల ఇంట్లో ఒకే వంటగది వాడుకునేవాళ్లం, శనివారాలు ఒకే ఆవిరి గదిలో స్నానం చేసేవాళ్లం. ఒకసారి నేను వెళ్లిపోయాననుకుని, చెంబుతో నీళ్లు పోసుకుంటూ లెక్కపెడుతోంది. ఒకటి, రెండు, మూడు... ఇంగ్లీషే. కానీ మా బడి ఇంగ్లీషు కాదు. అంకెలు ఒకదాని మీంచి ఒకటి నూనె రాసినట్టు జారిపోతున్నాయి. నాకు నోరు ఆగదు కదా, తలుపు తోసి అడిగేశాను.

"కాపా, అదెక్కడ నేర్చావే?"

చెంబు కింద పడింది. తడి జుట్టుతో బల్ల మీద కూలబడి చెప్పింది.

యుద్ధంలో ఆర్ఖాంగెల్స్క్ రేవుకి పరాయి దేశపు ఓడలు పిండీ ఇనుమూ మోసుకొచ్చిన రోజుల్లో, నావికులతో మాట్లాడడానికి భాష వచ్చిన ఆడపిల్లలు కావలసి వచ్చారు. ఈవిడ అప్పుడు విద్యార్థిని. పైవాళ్లే పిలిచి నావికుల క్లబ్బులో కూర్చోబెట్టారు. ఉత్తరాలు రాసిపెట్టమన్నారు, సినిమాలకి అర్థం చెప్పమన్నారు, డాన్సు చెయ్యమన్నారు. యుద్ధం అయిపోయాక, వాళ్లతో ఎందుకు మాట్లాడావని అడిగిందీ ఆ పైవాళ్లే. అక్కడ ఏడుగురు అమ్మాయిలు పనిచేసేవాళ్లట. ఒక్కొక్కరినే తీసుకుపోయారు. ఆరుగురు పోయాక, ఈవిడ తెప్పలు నడిపే ఒకాయన్ని పెళ్లాడి ఇంటిపేరు మార్చుకుని నది ఎగువకి వచ్చేసింది. ఆయన రెండో వసంతంలో నదిలో పోయాడు. ఇంటిపేరు మిగిలింది.

"నోరు తెరిస్తే ఎక్కడ నేర్చుకున్నానో తెలిసిపోతుంది, ఆగ్నియా ప్రొకోప్యెవ్నా. పుస్తకాల్లోంచి నేర్చుకున్నవాళ్లకి ఈ ఉచ్చారణ రాదు. అందుకే ఒక శీతాకాలమంతా అద్దం ముందు నిలబడి పాడుచేసుకున్నాను. నేర్చుకోవడం తేలికే. పాడుచేసుకోవడానికే ప్రాణం పోయింది."

ఇక ఆ సంగతి మేం మళ్లీ ఎత్తలేదు.

1951 మార్చిలో కబురొచ్చింది. జిల్లా నుంచి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు, గడ్డకట్టిన నది మీద మంచు దారి చెడకముందే వచ్చి, ఆరో తరగతిలో ఇంగ్లీషు పాఠం కూర్చుని వింటాడు. నేను పరుగున వంటగదికి వెళ్లి చెప్పాను. ఆవిడ మాత్రం బంగాళాదుంపలు తరుగుతూ, "నాకు మూడు చాలు" అంది.

"అయిదుకి మూడా? సిగ్గులేదూ?"

"రెండొస్తే నా కాగితాలు బయటికి తీస్తారు. అయిదొస్తే నా మొహం చూస్తారు. మూడొస్తే టీ తాగి వెళ్లిపోతారు."

ఆవిడ చెప్పింది నిజమే. నిజమని నాకూ తెలుసు. కానీ గోడ అవతల ఆ పిల్లలు తడబడడం రోజూ వింటున్నదాన్ని. మీత్కా ఊట్కిన్ అనేవాడు ఒక్క వాక్యం కూడా చివరిదాకా లాగలేడు. వీళ్లకి మూడెక్కడిది? రెండే వస్తుంది, కాగితాలు తీస్తారు, పాత ఇంటిపేరు బయటపడుతుంది, కొంప మునుగుతుంది. లెక్కల టీచర్ని కదా, నా లెక్క మీద నాకు మహా నమ్మకం. అన్నింట్లో వేలు పెట్టే ఈ బుద్ధి పుట్టుకతో వచ్చింది, దాన్ని తగలెయ్య.

ఆవిడకి చెప్పకుండా తోస్యా లోచేహినాని పిలిచాను. తెప్పలవాడి కూతురు, పన్నెండేళ్లది. చెవులు పాముచెవులు. హెడ్మాస్టరు దగ్గినట్టు దగ్గుతుంది, స్టీమరు కూసినట్టు కూస్తుంది.

"రోజూ బడి అయ్యాక కట్టెల కొట్టంలో మీ తరగతినంతా కూర్చోబెట్టి పాఠాలు వల్లె వేయించు. మీ టీచర్ ఎలా చదువుతుందో అచ్చం అలాగే."

"అచ్చం అలాగేనా? మధ్యలో ముక్కు చీదుకోవడంతో సహానా?"

"నీ వేళాకోళం మండా! ముక్కు వద్దు. చేతుల సంగతి కూడా చెప్పు."

చేతుల సంగతంటే, బయటివాళ్లు పాఠం వినడానికి వచ్చినప్పుడు మా బళ్లో అందరం చేసేదే. ప్రశ్న వేస్తే తరగతి మొత్తం చెయ్యెత్తాలి. జవాబు తెలిసినవాడు ఎడమ చెయ్యి, తెలియనివాడు కుడి చెయ్యి. వచ్చినవాళ్లకి చేతుల అడివి కనిపిస్తుంది, టీచరు ఎడమ చేతుల్లోంచి ఒకణ్ణి లేపుతుంది. కపితోలినా ఏనాడూ ఇది చెయ్యలేదు. నేనే చేయించాను, మూడు వారాలు.

ఏప్రిల్ ఇరవయ్యో తారీఖున ఇన్‌స్పెక్టరు షూబ్నీ దిగాడు. ఎర్రటి బుగ్గలు, ఆవిర్లు కక్కే ఉన్ని బూట్లు, నవ్వుమొహం. వెంట ప్రాంతీయ పత్రిక నుంచి కెమెరా మెడలో వేసుకున్న ఒకతను. కెమెరా చూడగానే అతనెందుకు వచ్చాడని అడిగాను. మిల్లుని ఫొటో తీయడానికి వచ్చాడన్నారు. చలికి ఊరికే లోపల కూర్చున్నాడన్నారు.

నేను వెనక బెంచీలో కూర్చున్నాను. కపితోలినా మొదటి ప్రశ్న వేసింది. ముప్పై ఎనిమిది చేతులు లేచాయి. అన్నీ ఎడమవే.

ఆవిడ ఆ చేతుల్ని చూసింది, తర్వాత నన్ను చూసింది. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది.

కావాలనే మీత్కాని లేపింది. వాడు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పి, ఈల వేసినంత ధీమాగా కూర్చున్నాడు. ఇంకా కష్టమైన పాఠం తీసింది. అదీ వచ్చు. ఇంకా చెప్పని పాఠం, పుస్తకం చివర ఉన్నది తీసింది. తోస్యా పుస్తకం మొత్తం నేర్పేసింది! ముప్పై ఎనిమిది మందీ పలకలు పడేసినట్టు, ఒకే ఎత్తులో, ఒక్క తప్పు లేకుండా దంచేశారు. కపితోలినా నుదుటి మీద చెమట పట్టింది. ఆ గదిలో మంచినీళ్లు గడ్డకట్టేంత చలి.

షూబ్నీ లేచి నిలబడ్డాడు.

"ఇదీ ఇంగ్లీషంటే! ప్రతి మాటా మేకు దిగ్గొట్టినట్టుంది. పట్నంలో ఉన్నారమ్మా కొందరు, నోట్లో వేడి దుంప పెట్టుకున్నట్టు వంకర్లు పోతారు. ఇదీ మన ఉచ్చారణ! అయిదు! ఏమయ్యా, ఈవిడ ఫొటో తియ్యి, ప్రాంతమంతా చూడాలి."

"నేను ఫొటోల్లో బాగుండను" అంది ఆవిడ.

"మీరు బాగుండకపోవడమేంటండీ" అన్నాడు కెమెరా అతను. "శాలువా కొంచెం తీయండి. మొహం ఇటు. ఇటు తిప్పండమ్మా, సిగ్గెందుకు!"

ఆవిడ తల తిప్పుకుంది. అతను మళ్లీ తీశాడు. మొత్తం మూడు తీశాడు. మధ్యాహ్నమే వాళ్ల స్లెడ్జి మంచు దారి మీద వెళ్లిపోయింది. ఆ ఏడాది నది దాటిన ఆఖరి స్లెడ్జి అదే. నాలుగో రోజుకి మంచు పగిలింది.

వంటగదిలో ఆవిడ నన్ను తిట్టలేదు. "నాకు అయిదు తెచ్చిపెట్టారు" అంది, అంతే.

"ఆ ఫొటో పత్రికలో వెయ్యరులే. వేసినా ఎవరు గుర్తుపడతారు? ఇన్నేళ్లయింది."

"క్లబ్బులో మా ఏడుగురికీ కలిపి తీసిన ఫొటో ఒకటుంది. అది ఆ పైవాళ్ల దగ్గరుంది. ఆరుగురి లెక్క తేలింది. ఏడోది ఎక్కడుందో తెలియక ఊరుకున్నారు."

"పారిపోవే!"

"ఎక్కడికి? నది మీద నడిస్తే మునుగుతాను, అడవిలో నడిస్తే బురదలో దిగబడతాను. పైగా నేను పారిపోతే మొదట అడిగేది మిమ్మల్ని. మీ పొయ్యి పక్కనే కదా నేనుండేది."

నేను కుర్చీలో కూర్చుని, టీతో చప్పరించడానికి పళ్ల మధ్య చక్కెర ముక్క పెట్టుకుని, మళ్లీ తీసి పక్కన పెట్టేశాను. నా మీద నాకు అంత అసహ్యం అంతకు ముందెప్పుడూ కలగలేదు.

మంచు పగిలితే మా ఊరికి మూడు వారాలపాటు రాకపోకలు ఉండవు. స్లెడ్జి నడవదు, స్టీమరు రాదు. కిటికీలు అదిరేలా నది మూలుగుతుంది. ఊళ్లో చక్కెర అయిపోయింది, పొగాకు అయిపోయింది, అందరికీ మొదటి స్టీమరు మీదే ధ్యాస. ఏ రోజు వస్తుందో పిల్లలు పందాలు కాసుకుంటున్నారు. అకార్డియన్ వాయించే ముసలి సావ్వా రేవులో వాయించడానికి అప్పుడే వేళ్లు సాధన చేస్తున్నాడు. ఆ సంతోషం చూస్తే నాకు ఒళ్లు మండిపోయేది. మంచు ఇంకో నెల ఉండాలని, ఇంకో ఏడాది ఉండాలని కోరుకున్నాను. ఏ ఏడూ నది మంచు అంచులు ఇంత తొందరగా విరగలేదనిపించింది.

ఆవిడ మామూలుగానే బడికి వచ్చేది. నోట్సులన్నీ దిద్దింది. పొయ్యికి సున్నం వేసింది. ఒకరోజు తన ఉన్ని బూట్లు తెచ్చి నా ముందు పెట్టి, "మీ పాదానికి సరిపోతాయేమో చూడండి" అంది. నేను వాటిని విసిరికొట్టాను. మర్నాడు మళ్లీ నా మంచం కింద ఉన్నాయి.

మే పదహారు ఉదయం, రెండో పీరియడులో, మలుపు అవతల నుంచి స్టీమరు కూత వినిపించింది. కూత వినపడితే బడి వదిలెయ్యడం మా ఆనవాయితీ. నా తరగతి నన్ను తోసుకుని బయటికి పరుగెత్తింది. గోడ అవతల మాత్రం ఆవిడ గొంతు.

"కూర్చోండి. ఒక్క పేజీ చదువుతాను, తర్వాత వెళ్లండి."

చదివింది. కోల్యా బడికి వెళ్లే పాఠమే. ఏ మాట తర్వాత ఏ మాటో నాకు తెలుసు కనుక గుర్తుపట్టాను, లేకపోతే పట్టేదాన్ని కాదు. మాటలు ఒకదాన్ని ఒకటి తాకుతూ, లేస్తూ దిగుతూ వెళ్తున్నాయి. ఆ దిక్కుమాలిన కోల్యా నిజంగా ఒక వీధిలో, ఒక పొద్దున, బడికి నడుస్తున్నట్టుంది. అయిదేళ్లు ఇది నోట్లో దాచుకుని బతికిందా ఈ మనిషి! చెంప గోడకి ఆనించి సిగ్గులేకుండా ఏడ్చాను.

ఇంతలో అవతల కిసుక్కుమన్నారు. తర్వాత తరగతి తరగతంతా విరగబడి నవ్వింది.

"టీచర్, తప్పు చదువుతున్నారు!" మీత్కా గొంతు. "అట్లా కాదు!"

"అవునా?" అంది ఆవిడ. "అయితే తప్పే. మీరు మీలాగే చదవండి. వెళ్లండి, స్టీమరు వచ్చేసింది."

పిల్లలు రేవు వైపు పరుగెత్తుతుంటే, వాళ్లకి ఎదురుగా పట్నం కోట్లు వేసుకున్న ఇద్దరు బురద తప్పించుకుంటూ పైకి వస్తున్నారు. ఒకడి జేబులో మడత పెట్టిన పత్రిక. వరండాలో నన్నే ఆపి, టోపీ ఎత్తి, చాలా మర్యాదగా ఆవిడ గది ఏదని అడిగారు. నేను చెప్పనక్కర్లేకపోయింది. ఆవిడ శాలువా కప్పుకుని, టీచర్ల సమావేశానికి వెళ్తున్నట్టు తనే బయటికి వచ్చింది.

"ఏడో తరగతి పుస్తకాలు అల్మరాలో కింది అరలో ఉన్నాయి" అని నాతో చెప్పింది.

అదే స్టీమరులో తీసుకుపోయారు. సావ్వా ఇంకా వాయిస్తూనే ఉన్నాడు. తర్వాత ఆవిడ గురించి ఒక్క కబురూ రాలేదు. ఊళ్లో ఎవరూ మాట్లాడుకోలేదు, ముందులాగే.

సెప్టెంబరులో కొత్త ఇంగ్లీషు టీచర్ రాలేదు. "మీకు పాఠాలన్నీ నోటికి వచ్చట కదా" అన్నాడు హెడ్మాస్టరు. అలా ఏడో తరగతి నా నెత్తిన పడింది. అర్థం తెలియకుండా, గోడ ఇవతల విన్నది విన్నట్టు పలకలు పడేసినట్టు చెప్పాను. పిల్లలు అలాగే దంచారు. వాళ్ల సంగతి బాగానే ఉంది.

అక్టోబరులో ఒకరోజు తోస్యాని చదవమన్నాను. లేచింది. ఆ మే నెల రోజున తరగతంతా నవ్విందని చెప్పాను కదా, ఈ పిల్ల నవ్వలేదట. ఆ సంగతి నాకు అప్పుడు తెలిసింది. నోరు తెరవగానే మాటలు నూనె రాసినట్టు జారాయి, లేచాయి, దిగాయి. ఒక్కసారే విని, అయిదు నెలలు దాచుకుంది. కపితోలినా ఆ గదిలో నిలబడి చదువుతున్నట్టే ఉంది.

వరండా తలుపు తెరిచే ఉంది. తోస్యా ఆపి, నేను మెచ్చుకుంటానని కళ్లు మెరిపిస్తూ నా వైపు చూసింది.

"అలా కాదు. సరిగ్గా చదువు" అన్నాను.

"ఇదే సరి, ఆగ్నియా ప్రొకోప్యెవ్నా. మా టీచర్ ఆ రోజు..."

"నోరు ముయ్యి! అందరిలా చదువు. మొదటి నుంచి."

ఆ పిల్ల మొహం వాడిపోయింది. పుస్తకం దగ్గరగా పట్టుకుని మొదటి నుంచి చదివింది, ఒక్కో మాటా విడిగా, మొద్దుగా, ఒకే ఎత్తులో. నేను లేచి తలుపు మూసి వచ్చి, రిజిస్టరులో ఆమె పేరుకి ఎదురుగా మూడు వేశాను.