వేళ కాని వేళ ఊళ

నా భార్య పోయిన ఏడాదికి మా క్వార్టర్‌కు కుక్క వచ్చింది. గోదావరిఖనిలో అప్పుడప్పుడే ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ఊపందుకుంటున్న రోజులు. కోస్తా నుంచి వచ్చి మా బొగ్గుబాయిలో పనిచేసిన ఆఫీసరొకాయన బదిలీ మీద పోతూ తన బీగిల్ జాతి కుక్కను నాకు అప్పజెప్పాడు.

పొట్టి కాళ్లు, వేలాడే చెవులు, తోక చివర తెలుపు. ఆ తెలుపు ఎందుకో కూడా ఆయనే చెప్పాడు. కుందేలు వాసన పట్టుకుని గడ్డిలో దూరితే వేటగాడికి తోక కొసైనా కనిపించాలట. "ఇవి ముక్కుతో వేటాడతాయయ్యా. గుంపులో పెరిగే జాతి. ఒంటరిగా మాత్రం వదలకు" అన్నాడు. ఆ చివరి మాట నేను చెవిన పెట్టలేదు. నేను ఉండటం లేదా ఒంటరిగా, కుక్కకేం రోగం అనుకున్నాను.

ఒట్టి తిండిపోతు. మూత పెట్టిన కూరగిన్నెను కూడా వదిలేది కాదు. నేను షిఫ్టు దిగి, స్నానం చేసి, సబ్బు వాసనతో వచ్చినా గల్లీ మొదట్లో ఉండగానే పసిగట్టి తలుపు గీకేది. అంతకుముందు ఇంట్లో ఉండలేక ఆదివారాలు కూడా డ్యూటీ రాయించుకునేవాణ్ని. అది వచ్చాక ఇంటికి పోవాలనిపించేది.

అయితే అది అందరి కుక్కల్లా మొరగదు. మెడ పైకెత్తి, సన్నగా మొదలుపెట్టి, ఊపిరున్నంతసేపూ సాగదీస్తుంది. ఎక్కడో వెనకబడ్డ వేటగాడికి జాడ తెలపడానికట ఆ గొంతు. దూరం నుంచి వింటే అచ్చం బాయి సైరనే. మా దగ్గర షిఫ్టు వేళ సైరన్ కూస్తే ఎవరూ తల కూడా తిప్పరు. వేళ కాని వేళ కూసిందంటే మాత్రం లోపల ఏదో అయినట్టే.

ఒకరోజు మొదటి షిఫ్టు దిగి పైకి వచ్చేసరికి గేటు దగ్గర మా వాడకట్టు ఆడవాళ్లంతా ఉన్నారు. కొందరి కాళ్లకు చెప్పులు కూడా లేవు. సైరనే కూయలేదని కాపలా మనిషి ఎంత చెప్పినా నమ్మలేదట. అందరం కలిసి గల్లీలోకి తిరిగామో లేదో, నా క్వార్టర్ నుంచి మళ్లీ అదే ఊళ. పక్కింటి అవ్వ నా చొక్కా పట్టుకుంది.

"నీ కుక్క పాడుగాను! నా కొడుకు బాయిల ఉన్నడు. నా పానం పోయినంత పనాయె గదరా!"

నేను సిగ్గుతో చచ్చిపోయాను. కోపంగా లోపలికి పోయి బెల్టు తీశాను. అదేమో సంబరంగా తోకాడిస్తూ నా కాళ్ల మీద పడింది. కొట్టడానికి చెయ్యి రాలేదు.

ఇంట్లో మనుషులున్నట్టు ఉంటుందని రేడియో పెట్టి పోయి చూశాను. లాభం లేదు. రెండోసారి కూడా ఆడవాళ్లు వీధిలోకి ఉరికారు. ఈసారి నన్ను చూసి ఎవరి తలుపు వాళ్లు వేసుకున్నారు. తిట్టినా బాగుండేది.

గోలేటి అవతల మా బామ్మర్దికి గొర్రెలున్నాయి, రెండు బక్కపలచని వేటకుక్కలున్నాయి. అవి కంటితో కుందేలును చూసి, చప్పుడు చేయకుండా ఉరికే రకం. బీగిల్‌ను చూసి వాడు పడీపడీ నవ్వాడు. "దీనికి ఉరుకుడు తక్కువ, లొల్లి ఎక్కువ బావా!" అన్నాడు. దాన్ని అక్కడే వదిలేసి వచ్చాను.

నెల తర్వాత ఒక ఆదివారం చూడటానికి పోయాను. అది నా కాళ్లు వాసన చూసింది, చెయ్యి నాకింది, ఆ రెండు వేటకుక్కల వెనక పరుగెత్తింది.

"ఏడుస్తలేదారా?" అని అడిగాను.

"ఒక్కనాడన్న ఏడ్వలే బావా. వాటి నడుమ పడి పంటది. ఫికర్ చెయ్యకు."

సంతోషపడాల్సింది. పడలేకపోయాను. బస్సు వచ్చేదాకా రోడ్డు మీద నిలబడి చెవి అటే పెట్టాను. ఒక్క ఊళ వినిపించినా చాలు, వాడకట్టు వాడకట్టంతా నా మీద పడ్డా సరే, పోయి తెచ్చుకునేవాణ్ని. బస్సు వచ్చింది. ఎక్కాను.